స్విండన్ కార్ఖానాలో ఆగిన సైరన్
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



స్వర్ణోత్సవంలో మాట్లాడమంటే బడి జ్ఞాపకాలు చెప్పాలి. ఆ పని నాకన్నా బాగా చేయగలవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు మాత్రం, "నీకు బాగా తెలిసిన సంగతి ఏదైనా చెప్పు, అరగంట మించకుండా" అన్నారు. నాకు తెలిసినవి యంత్రాలు, వాటిని తయారుచేసే చోట్లు. అందుకని ఇంగ్లండులో స్విండన్ అనే ఊళ్ళో ఒక రైల్వే కార్ఖానా ఎలా పుట్టి, ఎలా పెరిగి, ఎలా మూతపడిందో చెప్తాను. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మనం అనుకోకండి. చివర్లో మన సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టబోతున్నాను. దానికి ఈ కథే పునాది.

ఈ హాల్లో ఉన్న చాలామంది నాన్నలు లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్లు, వడ్రంగులు, పెయింటర్లు. మా నాన్న కూడా అక్కడే పనిచేశారు. నిజాం గారి రైల్వే 1893లో పెట్టిన ఆ వర్క్‌షాపు ఈనాటికీ రైలు పెట్టెలను బాగుచేస్తూనే ఉంది. మన ఇళ్ళలో అన్నం ఉడికింది ఆ గేటు లోపలి పనితోనే. ఆ గేటు ఒక రోజు తెరుచుకోకపోతే ఏమయ్యేదో మనం ఎప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. స్విండన్ వాళ్ళకు వచ్చింది.

నేను ఉద్యోగరీత్యా మూడేళ్ళు లండన్‌కు పడమర వైపు ఉన్నాను. స్విండన్ మీదుగా రైల్లో వెళ్తుంటే కిటికీ పక్కన పొడవైన పాత రాతి కట్టడాలు కనిపించేవి. మనసాగక దిగి చూశాను, తరువాత చదివాను. ఇప్పుడు చెప్పేదంతా అలా తెలుసుకున్నదే.

1830లలో లండన్ నుంచి బ్రిస్టల్‌కు గ్రేట్ వెస్టర్న్ రైల్వే లైను వేస్తున్నారు. దాని ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్. ఇంజన్ల బాధ్యత డేనియల్ గూచ్ అనే కుర్రవాడికి అప్పగించారు. ఆ ఉద్యోగం వచ్చేనాటికి గూచ్‌కు ఇంకా 21 ఏళ్ళు నిండలేదు. పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి. లండన్‌కు 77 మైళ్ళ దూరంలో, గుట్ట మీద సంత జరిగే చిన్న ఊరు స్విండన్. వీళ్ళిద్దరూ అక్కడి పొలంలో కూర్చుని తింటూ రొట్టెముక్క విసిరారనీ, అది పడ్డ చోటే కార్ఖానా కట్టారనీ ఊరివాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. అసలు కారణాలు వేరు. చెల్టన్‌హామ్ లైను అక్కడే కలుస్తుంది. లండన్ నుంచి అక్కడిదాకా దారి చదును, ఆ తరువాత ఎత్తుపల్లాలు, కాబట్టి ఇంజను మార్చుకోవడానికి అది తగిన చోటు. బొగ్గు తెచ్చుకోవడానికి పక్కనే కాలువ ఉంది. 1840లో గూచ్ ఆ చోటును సూచించాడు. 1843 జనవరిలో కార్ఖానా పని మొదలుపెట్టింది. 1846కల్లా ఒక ఇంజను మొత్తం అక్కడే తయారై బయటికి వచ్చింది.

బ్రూనెల్ పట్టాల మధ్య వెడల్పు 7 అడుగులు పెట్టాడు. దేశంలో మిగతా చోట్ల నాలుగు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే. 1845లో రెండు గేజ్‌లకూ పోటీ పరీక్షలు జరిగాయి. వేగంలో, నిలకడలో వెడల్పు గేజ్‌దే పైచేయి. అయినా ప్రభుత్వం ఇరుకు గేజ్‌నే దేశానికి ప్రమాణంగా ఎంచుకుంది, ఎందుకంటే అప్పటికే ఎక్కువ మైళ్ళు దానివే. 1892 మే నెలలో చివరి వెడల్పు పట్టాలు కూడా పోయాయి. మన దగ్గర మీటర్ గేజ్ లైన్లు మార్చడం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎంత మంచి వస్తువైనా ఒంటరిదైతే నిలవడం కష్టం. ఈ మాటను కాస్త పక్కన పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ దెబ్బను కార్ఖానా తట్టుకుంది. గేజ్ మారినా పని తెలిసిన చేతులు అవే కదా! 1902లో జార్జ్ జాక్సన్ చర్చ్‌వార్డ్ పెద్ద అయ్యాక స్విండన్ దశ తిరిగింది. ఆయన తమ ఇంజన్లే గొప్పవని కూర్చోలేదు. ఫ్రాన్సు నుంచి ఇంజన్లు కొనితెప్పించి, తమవాటి పక్కన నడిపించి, పనికొచ్చే సంగతులు తీసుకున్నాడు. ఇంజనును కదలకుండా నిలబెట్టి, చక్రాలు రోలర్ల మీద తిరుగుతుండగా దాని శక్తిని కొలిచే ఏర్పాటు కూడా చేయించాడు. బాయిలర్లు, సిలిండర్లు, చక్రాలు కొన్ని ప్రామాణిక కొలతల్లోనే చేస్తూ, వాటినే రకరకాల ఇంజన్లకు వాడేలా పద్ధతి పెట్టాడు. ఆ తరువాత వచ్చిన కాలెట్ కాలంలో ఫ్రేములను జర్మనీ జైస్ కంపెనీ దుర్భిణి పరికరాలతో సరిచూసేవాళ్ళు. 1923లో క్యాజిల్ తరగతి, 1927లో కింగ్ తరగతి ఇంజన్లు వచ్చాయి. ఆ రోజుల్లో కార్ఖానాలో దాదాపు 14,000 మంది పనిచేసేవాళ్ళు. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి వెళ్ళే ఇళ్ళు ఎన్నో. ఊరంతటికీ గడియారం కార్ఖానా సైరనే.

ఇంజన్ల సంగతి ఇంతటితో ఆపుతాను. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి రెండు వేరే ఏర్పాట్లు. మొదటిది 1844లో పనివాళ్ళు పెట్టుకున్న మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్. చందాలు వేసుకుని పుస్తకాలు కొన్నారు, ఇళ్ళకు తీసుకెళ్ళి చదువుకున్నారు. పని దిగాక సాయంత్రాలు తరగతులు, ఉపన్యాసాలు, నాటకాలు ఉండేవి. 1855కల్లా దానికి సొంత భవనం ఏర్పడింది. రెండోది వైద్య నిధి. 1847లో పనులు తగ్గి చాలామందిని తీసేశారు. ఆ కష్టకాలంలోనే జీతంలోంచి వారం వారం కొంత కోసి జమచేసే పద్ధతి మొదలైంది. దాంతో డాక్టర్లు వచ్చారు, తరువాత ఆసుపత్రి, స్నానశాలలు వచ్చాయి. పనివాడికే గాక ఇంటిల్లిపాదికీ వైద్యం అందింది. 1948లో బ్రిటన్ దేశమంతటికీ ఉచిత వైద్య సేవ పెట్టినప్పుడు, స్విండన్ వాళ్ళకు అది పాత సంగతే.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు ఆల్ఫ్రెడ్ విలియమ్స్. 1877లో స్విండన్ పక్కన సౌత్ మార్‌స్టన్ అనే పల్లెలో పుట్టాడు. పద్నాలుగు పదిహేనేళ్ళకే కార్ఖానాలో చేరి, కొలిమి దగ్గర, ఆవిరి సుత్తి దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. పొద్దున్న పల్లె నుంచి నడిచి రావడం, పగలంతా ఎర్రటి ఇనుము, రాత్రి దీపం ముందు చదువు. లాటిన్, గ్రీకు సొంతంగా నేర్చుకున్నాడు. మరిచిపోకుండా గ్రీకు అక్షరాలను కొలిమి దగ్గర సుద్దతో రాసుకునేవాడు. ఆరోగ్యం చెడి 1914లో పని మానేశాడు. మరుసటి ఏడు కార్ఖానా జీవితం మీద పుస్తకం ప్రచురించాడు. పొగ, దెబ్బలు, మేస్త్రీల పెత్తనం, ఏదీ దాచలేదు. పైవాళ్ళకు అది నచ్చలేదు. కార్ఖానాలను తలుచుకుని మురిసిపోయే మనబోటివాళ్ళు ఆ పుస్తకాన్ని మరువకూడదు. అక్కడ బతుకు ఉంది, బాధ కూడా ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో విలియమ్స్ సైనికుడిగా భారతదేశానికి వచ్చాడు. ఈ దేశం మీద ప్రేమ పెంచుకుని, తిరిగి వెళ్ళాక పేదరికంలోనే సంస్కృతం నేర్చుకున్నాడు. నేర్చుకుని ఏం చేశాడు? పంచతంత్రం కథలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1930లో ఆ పుస్తకం వెలువడింది, అదే ఏడాది ఆయన కన్నుమూశాడు. మనం చిన్నయ సూరి మిత్రలాభం, మిత్రభేదం వ్యాకరణం కోసం బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరిచిపోయాం. అవే కథల కోసం ఒక సుత్తిపని మనిషి నడివయసులో దేవనాగరి దిద్దుకున్నాడు. మా తెలుగు మాస్టారు గారు వేదిక మీదే ఉన్నారు, ఈ కబురు ఆయనకే అంకితం.

ఇక క్షీణదశ. 1948లో రైల్వేలు ప్రభుత్వపరమయ్యాయి. 1955లో ఆధునికీకరణ ప్రణాళిక వచ్చింది, ఆవిరి ఇంజన్ల స్థానంలో డీజిల్, కరెంటు ఇంజన్లు రావాలని. అయినా ఆవిరి ఇంజన్ల తయారీ ఇంకొన్నాళ్ళు సాగింది. బ్రిటిష్ రైల్వేస్ కట్టిన చివరి ఆవిరి ఇంజను స్విండన్‌లోనే తయారైంది. 1960 మార్చి 18న దానికి ఈవెనింగ్ స్టార్ అని పేరు పెట్టారు. ఆకుపచ్చ రంగు, పొగగొట్టానికి రాగి అంచు. సామాను బండి ఇంజనును పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు. అయిదేళ్ళు తిరక్కుండా, 1965 మార్చిలో దాన్ని సర్వీసు నుంచి తీసేశారు. ముప్ఫై నలభై ఏళ్ళు పనిచేయాల్సిన యంత్రం అది. ఇంజనీరుగా నాకు ఆ పాలిష్ కన్నా ఆ తేదీలే ఎక్కువ చెప్తాయి.

డీజిల్ యుగంలో దేశంలోని మిగతా ప్రాంతాలు డీజిల్-ఎలక్ట్రిక్ దారి పట్టాయి. అంటే డీజిల్ ఇంజను జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. పడమటి రైల్వే ఒక్కటే జర్మనీ పద్ధతి చూసి హైడ్రాలిక్ దారి ఎంచుకుంది. ఇందులో నూనె వేగంగా తిరుగుతూ శక్తిని చక్రాలకు అందిస్తుంది. అదే శక్తికి ఇంజను బరువు తక్కువ. ఇంజనీరింగ్ లెక్కలో తప్పు పట్టడానికి లేదు. వార్‌షిప్, వెస్టర్న్ తరగతుల ఇంజన్లను స్విండన్ కట్టింది. చూడ్డానికీ అందంగా ఉండేవి. కానీ దేశమంతా ఒక రకం, వీళ్ళొక్కరే ఇంకో రకం. విడిభాగాలు వేరు, శిక్షణ వేరు, ఖర్చు వేరు. ఇందాక పక్కన పెట్టుకోమన్న మాట ఇక్కడ తీయండి. 7 అడుగుల గేజ్ కథే మళ్ళీ జరిగింది. 1960లు ముగియకముందే హైడ్రాలిక్‌లను వదిలించుకోవాలని పైన నిర్ణయమైపోయింది. 1977 ఫిబ్రవరిలో చివరి వెస్టర్న్ ఇంజన్లు ఆగిపోయాయి.

ఇంకా బాధ కలిగించే లెక్క ఒకటుంది. చిన్న స్టేషన్ల మధ్య సామాను లాగడానికి స్విండన్ 56 చిన్న డీజిల్ ఇంజన్లు కట్టింది, 1964-65లో. అవి తయారవుతుండగానే ఆ సామానంతా లారీల పాలైంది. బీచింగ్ నివేదిక దరిమిలా చిన్న లైన్లు మూతపడుతున్నాయి. 1969కల్లా 56 ఇంజన్లనూ రైల్వే వదిలించుకుంది. వాటిలో చాలా వాటిని బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు కొనుక్కుని చక్కగా నడుపుకున్నాయి. అంటే యంత్రంలో లోపం లేదు, చేసిన పనిలో లోపం లేదు. చేయాల్సిన పనే మాయమైంది. బ్రిటిష్ రైల్వేస్ కోసం స్విండన్ కొత్తగా కట్టిన చివరి ఇంజను ఆ 56లో ఒకటి.

ఆ తరువాత మిగిలింది మరమ్మతులు. దాంతోపాటు పాత ఇంజన్లను విరగ్గొట్టి తుక్కు చేసే పని. తమ చేతులతో చేసిన వెస్టర్న్ ఇంజన్లను గ్యాస్ కట్టర్లతో వాళ్ళే కోశారు. మరమ్మతులు కూడా ఏటేటా తగ్గాయి. కొత్త రైళ్ళకు వర్క్‌షాపు అవసరం తక్కువ, పెట్టెల సంఖ్య తక్కువ, వ్యాగన్లు మరీ తక్కువ. ఉన్న కార్ఖానాలన్నిటికీ సరిపడా పని దేశంలో లేదు. 1982లో ఆష్‌ఫర్డ్, 1983లో హార్విచ్, 1984లో షిల్డన్ మూతపడ్డాయి. 1985లో గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు 150 ఏళ్ళ ఉత్సవాలు తలపెట్టారు. సరిగ్గా ఆ ఏడాదే స్విండన్ మూసేస్తామన్న ప్రకటన వెలువడింది. ఉత్సవపు పందిరిలోనే చావు కబురు చెప్పినట్టయింది. 1986 మార్చి ఆఖరి వారంలో సైరన్ చివరిసారి మోగింది. 143 ఏళ్ళు.

ఇంతకీ కార్ఖానా ఎప్పుడు మూతపడింది? తాళం పడింది 1986లో. నా లెక్కలో మాత్రం, కొత్త ఇంజన్ల ఆర్డర్లు ఆగిపోయిన 1965లోనే దాని తలరాత రాసేశారు. మధ్యలో ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో ఎవరేం చేశారన్నదే ఊళ్ళ భవిష్యత్తును తేల్చింది.

షిల్డన్ చిన్న ఊరు. వ్యాగన్ల కార్ఖానా తప్ప చెప్పుకోదగ్గ వేరే ఆధారం లేదు. అది పోగానే ఊరు కుదేలైంది. స్విండన్ మాత్రం ముందే మేలుకుంది. అక్కడి పురపాలక సంఘానికి డేవిడ్ మర్రే జాన్ అనే అధికారి ఉండేవాడు. ఊరంతా ఒక్క యజమాని మీద బతకడం ప్రమాదమని ఆయన గట్టిగా నమ్మాడు. 1952 చట్టాన్ని అందిపుచ్చుకుని లండన్ జనాభాలో కొంత భాగాన్ని, పరిశ్రమలను స్విండన్‌కు రప్పించారు. 1950లలోనే కార్ల బాడీలు చేసే ఫ్యాక్టరీ వచ్చింది, ఆ తరువాత గిడ్డంగులు, ఆఫీసులు వచ్చాయి. అంటే ఆవిరి ఇంజన్లు ఇంకా తయారవుతున్న రోజుల్లోనే, వర్షం ఉండగానే చెరువు పూడిక తీయించినట్టు, పని మొదలుపెట్టారు. అందుకే 1986లో స్విండన్ ఏడ్చింది గానీ కూలిపోలేదు.

అందరూ బాగుపడ్డారని నేననను. యాభై ఏళ్ళ బాయిలర్ మేస్త్రీకి గిడ్డంగిలో ఉద్యోగం దొరకడం వేరు, అతని చేతిలోని విద్యకు చోటు దొరకడం వేరు. ఆ విద్య వినేవాళ్ళు లేక అతనితోనే పోయింది. తరువాత వచ్చిన కార్ల కంపెనీ హోండా, విలియమ్స్ పుట్టిన సౌత్ మార్‌స్టన్ దగ్గరే పెద్ద ఫ్యాక్టరీ పెట్టి, 2021 జులైలో దాన్నీ మూసేసింది. ఒక్కసారి తప్పించుకున్నంత మాత్రాన ఊరికి శాశ్వత రక్ష దొరకదు. ప్రతి తరం మళ్ళీ నేర్చుకోవలసిందే.

ఇప్పుడు స్విండన్ వెళ్తే ఆ షెడ్లలో బట్టల దుకాణాలు కనిపిస్తాయి, 1997 నుంచి. ఒక భాగంలో 2000లో స్టీమ్ అనే మ్యూజియం తెరిచారు. కట్టడాలను బాగానే కాపాడుకున్నారు. ఒక్క కట్టడం తప్ప. పనివాళ్ళు చందాలతో నిలబెట్టుకున్న మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ భవనం కార్ఖానా మూతపడిన 1986 నుంచే పాడుపడింది. నేను చూసినప్పుడు కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. మొదట్లో మనసు చివుక్కుమంది. తరువాత అనిపించింది, ఆ భవనం చేయాల్సిన పని ఎప్పుడో చేసేసిందని. అక్కడ చదువుకున్నవాళ్ళ పిల్లలు టీచర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. రాళ్ళు శిథిలమైనా, చదువు వాళ్ళతోపాటు బయటికి నడిచి వెళ్ళింది.

ఇప్పుడు నా ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత తోరణం కట్టి, దాతల పేర్లు పాలరాయి మీద చెక్కించాలని కమిటీలో ఒక ఆలోచన ఉంది. కట్టాలన్న పెద్దల ప్రేమను నేను శంకించను. కానీ నా ఓటు వేరేదానికి. బడి వెనక మూసి ఉంచిన రెండు గదులను బాగుచేయిద్దాం. ఒకదాంట్లో సాయంత్రం ఎనిమిదింటిదాకా తెరిచి ఉండే గ్రంథాలయం. బడి పిల్లలకే గాక, పని దిగి వచ్చే వాళ్ళ అమ్మానాన్నలకు కూడా. రెండోదాంట్లో చేతిపని గది. వైస్, ఆకురాళ్ళు, కొలిచే వెర్నియర్లు, ఒక చిన్న లేత్, దాని పక్కనే రెండు కంప్యూటర్లు. వర్క్‌షాపులో రిటైరైన పెద్దలు ఈ సభలోనే పదిమందికి తక్కువ లేరు. వారానికి ఒక్క సాయంత్రం వాళ్ళు వచ్చి ఆకురాయి పట్టడం నేర్పితే చాలు. స్విండన్ బాయిలర్ మేస్త్రీకి దొరకని వినేవాళ్ళు, మన మేస్త్రీలకు ఇక్కడ దొరుకుతారు. ఇప్పుడు నా మాటలు విసుగ్గా వింటున్న ఈ పిల్లలే వాళ్ళు.

పుస్తకాల కోసం మొదటి వంద పుస్తకాల ఖర్చు నాది. లేత్ సంగతి మా బ్యాచ్ చూసుకుంటుందని నా మిత్రులను అడక్కుండానే మాట ఇస్తున్నాను. వాళ్ళ ముఖాలు చూస్తే ఒప్పుకున్నట్టే ఉంది. పాలరాయి కూడా ఉండాల్సిందే అంటారా, ఆ గదుల గుమ్మం పైన చిన్నది పెట్టిద్దాం. దాని మీద మన పేర్లు వద్దు, గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు రాయిద్దాం.

కమిటీ వచ్చే నెల సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలని కోరుతున్నాను.